పటం మ్యూజియంలో... వినేటోళ్లు నార్పోలిలో!
పద్మశాలీల కులపురాణంపై పరిశోధన సగమే జరిగిందా?

నార్పోలి (భివండీ):

సాయంత్రం కాగానే నార్పోలి గల్లీల్లో రెండు గుంపులు ఎదురుపడతాయి. పగటి పాళీ దిగేటోళ్లు ఒకవైపు. రాత్రి పాళీ ఎక్కేటోళ్లు ఇంకోవైపు. దిగేటోళ్ల తలమీద, కనురెప్పల మీద తెల్లటి దూది నుసి. మాట్లాడుకోవాలంటే చెవి దగ్గర నోరు పెట్టాల్సిందే. సాంచాల మోత అట్లాంటిది మరి!

ఈ గుంపులో తెలుగాయన ఎవరినైనా ఆపి 'మీది ఏ గోత్రం?' అని అడగండి. టక్కున చెప్తాడు. పద్మశాలీలకు 101 గోత్రాలని కూడా చెప్తాడు. మార్కండేయ మహాముని గుడి ఎటో చూపిస్తాడు. ఇంకో అడుగు ముందుకేసి, ఆ 101 గోత్రాల కథ ఎవరు చెప్తే విన్నావని అడగండి. వయసును బట్టి జవాబు మారుతుంది. అరవై దాటినాయనకు ఊళ్లో కట్టిన గుంజలు, వాటికి వేలాడిన ఎర్రటి పటం, తెల్లవార్లూ సాగిన పాట యాదికొస్తాయి. ముప్పై ఏళ్లాయనకు గుడి గోడమీది బొమ్మ యాదికొస్తుంది. ఇరవై ఏళ్ల పిల్లగానికి ఫోన్‌లో చూసిన వీడియో!

ఈ మూడు జవాబుల నడుమనే ఒక పెద్ద కళ జారిపోతోంది. దాని మీద హైదరాబాద్‌లో, వరంగల్‌లో, అమెరికాలో పరిశోధనలు జరిగాయి. లండన్ మ్యూజియం జాబితాలోనూ అచ్చయింది. దాన్ని తరతరాలుగా కూచుని విన్న మనుషుల దగ్గరికి మాత్రం, ఈ సాంచాల మధ్యకు, ఆ పరిశోధన రావాల్సినంతగా రాలేదు.

పటం విప్పితే పురాణం

కొత్తతరానికి ముందు అసలు సంగతి చెప్పాలి. తెలంగాణలో చాలా కులాలకు తమ పుట్టుక చెప్పే పురాణం ఉంది. ఆ పురాణం చెప్పే హక్కున్న ఆశ్రిత కులం కూడా ఉంది. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవారికి పటం బదులు కొయ్యబొమ్మలుంటాయి. అట్లాగే పద్మశాలీలకు కూనపులివారు. వీళ్లు కాక గారడీ విద్యలు చూపించే సాధనాశూరులు కూడా పద్మశాలీలనే అడిగేవాళ్లు.

కూనపులివారు చెప్పేది మార్కండేయ పురాణం, భావనారుషి చరిత్ర. దేవతలకు కట్టుకోను బట్టలేదు. మార్కండేయుడి కొడుకు భావనారుషి విష్ణుమూర్తి బొడ్డు తామర నుంచి నార తెచ్చి నూలు తీసి బట్ట నేశాడు. ముక్కోటి దేవతలకు పంచిపెట్టాడు. శివుడి వంతుకు పులితోలు దక్కిందని కథ. సూర్యుడి బిడ్డ భద్రావతితో రుషి పెళ్లి, కాలవాసురుడనే రాక్షసుడితో యుద్ధం... ఇట్లా రాత్రుల తరబడి సాగుతుంది. రుషి పులి మీద ఎక్కి వచ్చే బొమ్మ ఉన్నచోట పిల్లలు నిద్రలోంచి లేచి కూచునేవాళ్లంటే ఆశ్చర్యం ఏముంది!

పటం సుమారు 3 అడుగుల వెడల్పు. పొడవు 40 అడుగులు దాటుతుంది. నిలువుగా వేలాడదీసి, బొమ్మల వరస ఒక్కొక్కటే విప్పుకుంటూ పోతారు. పుల్లతో బొమ్మను చూపించి ఒకాయన వచనం చెప్తే, వెనకవాళ్లు పాట అందుకుంటారు. పక్కన హార్మోనియం, మద్దెల, తాళాలు. కథ ముగిసినాక కులపెద్దలు ఇచ్చేది భిక్షం కాదు, త్యాగం. అది కథకుడి హక్కు. ఏ ఊరు ఎవరిదో మిరాశీ ముందే పంచుకుని ఉంటుంది. ఒకరి ఊళ్లో ఇంకొకరు పటం విప్పకూడదు.

ఈ పటాలు రాసేది నకాశీలు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో కలిసిన చేర్యాల ఈ పనికి పేరుమోసింది. తయారీ చూస్తే నేతపనివాళ్లకు కొత్తేమీ అనిపించదు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆరినాక ఎర్రని నేల మీద బొమ్మలు దిద్దుతారు. పడుగుకు గంజి పట్టించే చేతులకు ఆ గంజి ఎంత పలచన ఉండాలో, ఎప్పుడు ఆరిందో వేరే చెప్పాలా? పటం బట్ట సాలోళ్లది, బొమ్మ నకాశీలది, నోరు కూనపులివారిది. మూడు కులాల కష్టం కలిస్తేనే ఒక రాత్రి కథ.

యూనివర్సిటీలు ఏం చేశాయి?

జానపదం అంటే చదువురాని వాళ్ల పాట అని తీసిపారేసే రోజుల్లో ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద డాక్టరేట్ చేశారు. ఆ గ్రంథం 1958లో అచ్చయింది. ఆ దారిలోనే నాయని కృష్ణకుమారి గేయగాథల మీద పని చేశారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పుట్టినాక వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం వచ్చింది. సినిమా నటుడిగా అందరికీ తెలిసిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ఊరూరా తిరిగి రాసిన 'తెలుగువారి జానపద కళారూపాలు' పుస్తకాన్ని 1992లో ఆ యూనివర్సిటీయే అచ్చువేసింది. కళారూపాల గురించి ఎవరు ఏం రాయాలన్నా ఈ రోజుకూ ముందు ఆ పుస్తకమే తిరగేస్తారు. (తెలంగాణ ప్రభుత్వం 2025లో ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది.) తెలుగు కులపురాణాలను, పటం కథలను ప్రత్యేకంగా పట్టించుకున్న పరిశోధకుల్లో కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పులికొండ సుబ్బాచారి ఒకరు. పటాలు, వాద్యాలు, తాళపత్రాలు మోసుకొచ్చి కాపాడిన జయధీర్ తిరుమలరావు కష్టం ఇంకొక ఎత్తు.

బయటి దేశాల సంగతికొస్తే, కీర్తన తంగవేలు కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ శాఖలో తెలంగాణ పటాల మీదనే 1998లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. బొమ్మ వేరు, కథ వేరు అని కాకుండా పటాన్ని, పాటను, చెప్పేవాణ్ని కలిపి చూడాలన్నది ఆమె పట్టిన దారి. అదే ఏడు జ్యోతీంద్ర జైన్ సంపాదకత్వంలో మార్గ్ సంస్థ వేసిన, దేశంలోని బొమ్మల కథకుల పుస్తకంలోనూ ఆమె వ్యాసం ఉంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని దక్షిణాది చిత్రాలకు ఆనా డల్లాపికోలా 2010లో తెచ్చిన జాబితాలో తెలంగాణ పటాలకూ చోటు దొరికింది. హైదరాబాద్‌లో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు కూడబెట్టిన కళాఖండాల్లోనూ ఈ పటాలున్నాయి. పాతవి చింకిపోయి పారేసే సామాను అని జనం అనుకుంటున్న కాలంలో వాటి విలువ కనిపెట్టిన మనిషి జగదీశ్ మిత్తల్. 2025 జనవరిలో కన్నుమూశారు.

అంటే పని జరగలేదని కాదు. చాలానే జరిగింది. అయితే ఆ పనంతా ఎక్కువగా మూడుచోట్ల తిరిగింది. బొమ్మ రాసే చేర్యాల, కథకుడి ఊరు, పటం దాచిన మ్యూజియం. నాలుగో మనిషి ఒకడున్నాడు. త్యాగం ఇచ్చి, చాప పరుచుకుని, తెల్లారేదాకా విన్న సాలాయన. వాడు ఏం విన్నాడు, ఏ బొమ్మ దగ్గర ఏడ్చాడు, తన గోత్రం పేరు వచ్చినప్పుడు ఏం చదివించాడు? ఇవి కాగితం మీదికి ఎక్కింది తక్కువ.

నీళ్లలో కలవాల్సింది...

మ్యూజియం దగ్గర ఇంకో చిక్కుంది. పటం పాతబడితే ఏం చేయాలో కథకుల ఆనవాయితీ చెప్తుంది. కొత్త పటం రాయించుకుని, పూజచేసి పాతదాన్ని పారే నీళ్లలో కలపాలి. దేవుళ్లున్న బట్ట అది. మనిషికి సాగనంపినట్టే సాగనంపాలి. అట్లా నీళ్లలో కలవాల్సిన పటం కొనేవాళ్లు వచ్చేసరికి నీళ్లకు పోలేదు, గాజుపెట్టెలోకి పోయింది. చూసేవాళ్లకు అది కళాఖండం. ఆనవాయితీ తెలిసినోళ్లకు అంత్యక్రియలు ఆగిపోయిన దేవుడు.

ఎవరిని తప్పుపడతాం? నీళ్లలో కలిపేసి ఉంటే ఈనాడు మనకు పాత పటం ఒక్కటీ మిగిలేది కాదు. అమ్ముకున్న కథకుడికి ఆ పూట బియ్యం కావాలి. త్యాగం ఇచ్చే ఊళ్లు ఖాళీ అయినాక పటం మోసుకుని ఎక్కడికి పోతాడు? మ్యూజియాలు దాచినందుకు ఈ వ్యాసకర్తకు సంతోషమే. కాకపోతే పటం కింద పెట్టే చీటీలో బట్ట కొలత, రంగు, కాలం రాసినట్టే, ఇది ఎవరి కులపురాణం, ఏ ఊరి మిరాశీ, ఎవరు ఎందుకు అమ్మారు అనేవి కూడా రాయాలి కదా. దాచినోడి పేరు ఉండి, పాడినోడి పేరు లేకపోతే అది సగం చీటీ.

మ్యూజియంలో పటానికి పాట ఉండదు. 40 అడుగుల పటాన్ని ఒకేసారి పరిచి చూపించే గోడలు కూడా తక్కువే. ఒక ముక్క విప్పి, మిగతాది చుట్టి పెడతారు. ఊళ్లో మాత్రం ఒక్కో వరస విప్పేదాకా తర్వాతి బొమ్మ ఎవరికీ కనిపించదు. ఆ ఎదురుచూపే కథలో సగం. తాపీగా నడుచుకుంటూ పది నిమిషాల్లో చూసిపోయే గదిలో అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఊరే లేచి వచ్చింది

త్యాగం ఇచ్చే ఊళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయో భివండీవాళ్లకు చెప్పనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మెదక్, నిజామాబాద్, పాలమూరు... గుంటమగ్గం కూడు పెట్టక సాలోళ్లు షోలాపూర్, బొంబాయి, భివండీ బాట పట్టారు. కొందరు బొంబాయి మిల్లుల్లో చేరారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు సమ్మెతో ఆ మిల్లులూ కుదేలయ్యాయి. పని భివండీ సాంచాలకు మళ్లింది. పద్మానగర్, కామత్‌ఘర్, నార్పోలి తెలుగు మాటతో నిండాయి. ఇక్కడ సాంచాల పని నేర్చి సిరిసిల్లకు తిరిగిపోయినోళ్లూ ఉన్నారు. 1970, 1984 అల్లర్లను కూడా ఈ ఊరు కళ్లారా చూసింది.

మిరాశీ లెక్క ఊరికి ముడిపడింది. ఊరే లేచి భివండీకి వస్తే ఆ హక్కు ఎవరిది? నాలుగు జిల్లాల వాళ్లు కలిసి ఉండే ఒక చాలీలో పటం విప్పాల్సింది ఏ కథకుడు? చాపలు పరిచే జాగా ఏది? అన్నిటికంటే పెద్ద చిక్కు రాత్రి. కూనపులి కథ రాత్రి కథ. సాంచాకు పగలూ రాత్రీ లేదు. సగంమంది పాళీలో ఉంటే కథ ఎవరి కోసం చెప్పాలి? గంటలను కొనుక్కునే బతుకులోకి వరస రాత్రుల కథ దూరదు. కళ కనుమరుగైందని టీవీలు, సెల్‌ఫోన్లు తిట్టడం తేలిక. పన్నెండు గంటల పాళీని ఎవరూ తిట్టరు!

అయినా అంతా పోలేదు. జంధ్యాల పున్నమిని నూలు పున్నమి అనే పిలుపు ఉంది. ఆ రోజు జంధ్యం మార్చుకుంటారు, మార్కండేయుణ్ని కొలుస్తారు. షోలాపూర్‌లో ఆ రోజున మార్కండేయ రథోత్సవం కన్నులపండువే. పటం లేని చోట కథ పండుగలోకి, గుడిలోకి, బతుకమ్మ పాటలోకి చిన్న చిన్న ముక్కలై దాక్కుంది. ఏ ముక్క ఎక్కడ దాక్కుందో వెతకడం యూనివర్సిటీ పరిశోధనకు తగ్గ పని కాదా?

దారి చూపిన పుస్తకం

ఈ పనికి నమూనా ఎక్కడో వెతకనక్కరలేదు. బొంబాయిలోనే ఉంది. మీనా మీనన్, నీరా అడార్కర్ కలిసి గిరణ్‌గావ్ మిల్లు కార్మికుల నోటిమాటలు పోగుచేసి 2004లో ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. నూరేళ్ల మిల్లుల చరిత్రను నూరు గొంతుల్లో వినిపించింది అది. సమ్మెలు, యూనియన్లు మాత్రమే కాదు. షాహిర్ల పాటలు, చాలీల్లో ఆడిన నాటకాలు, గణపతి మంటపాలు కూడా ఆ మాటల్లో ఉన్నాయి. కార్మికుడంటే చేతులు మాత్రమే కాదని, వాడికో రంగస్థలం కూడా ఉందని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. అట్లాంటి పుస్తకం భివండీ తెలుగు సాంచాల గురించి రాయొచ్చు. రాయాలి. గొంతులు ఇంకా ఉన్నాయి.

ముంబై యూనివర్సిటీలో లోక్ కళా అకాడమీ ఉంది. గోంధళ్, తమాషా, లావణి లాంటి మరాఠీ కళలను అక్కడ పాఠంగా చెప్తారు. పాడేవాళ్లనే పిలిచి పాఠం చెప్పించే పద్ధతి ఆ విద్యకు నప్పుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1988లో మొదలైన సరోజినీనాయుడు స్కూల్లో రంగస్థల కళల విభాగం ఉంది. ఇద్దరికీ నడుమ ఒక రాత్రి రైలు ప్రయాణం. ఆ రైళ్లలోనే మనవాళ్లు తరాల నుంచి తిరుగుతున్నారు. పెళ్లికి పోతారు, చావుకు పోతారు, బతుకమ్మకు పోతారు. పరిశోధకులు అదే రైలెక్కి కళ్యాణ్‌లో దిగితే నార్పోలి ఎంత దూరం?

ఇంకో మాట. ఇంగ్లండులాంటి దేశాల్లో నాటకం కట్టి ఆడించడాన్నే పరిశోధన కింద లెక్కించే పద్ధతి ఎప్పుడో వచ్చింది. సిద్ధాంత గ్రంథంతోపాటు ప్రదర్శన కూడా పరీక్షకు నిలబడుతుంది. మనదగ్గరా ఆ కన్నుతో చూస్తే, 40 అడుగుల పటం ముందు నిలబడి ఏ కాగితమూ లేకుండా రాత్రంతా కథ నడిపే కూనపులి కథకుడు పరిశోధనకు విషయం మాత్రమే కాడు. పరిశోధకుడే. ఏ ఊళ్లో ఏ గోత్రం వాళ్లు ఎక్కువుంటే ఆ గోత్రం ఘట్టం ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ కుదించాలో వాడికి తెలుసు. అది ఏ సిలబస్‌లో ఉంది?

ముందు అడగాల్సిన ప్రశ్నలు

పరిశోధన పేరిట వచ్చి, రికార్డు చేసుకుని, మళ్లీ మొహం చూపించని వాళ్ల మీద జానపద కళాకారులకు కోపం ఊరికే లేదు. కాబట్టి పని మొదలుపెట్టేవాళ్లు మొదట తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి. పాడినవాడికి పూటకూలి కాదు, త్యాగం ముట్టాలి. రికార్డు ఒక ప్రతి సంఘం దగ్గర ఉండాలి. యూనివర్సిటీ బీరువాలోనే తాళం పడకూడదు. సాంచాల కార్మికుడిని ఇంటర్వ్యూ అడిగితే వాడు పాళీ వదులుకుని కూచోవాలి. ఆ పాళీ కూలి ఎవరిస్తారో ముందే అనుకోవాలి. ఇవి చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. పని ఆగిపోయేది ఇక్కడే.

ఆడవాళ్లను అడగడం మరిచిపోకూడదు. కండెలు చుట్టిన చేతులు వాళ్లవి. పటం కథ విన్న గుంపులో సగం వాళ్లే. భద్రావతి పెళ్లి ఘట్టంలో ఏ పాట వచ్చేది, అది తర్వాత ఇంటి పెళ్లిళ్లలో ఎట్లా మారింది అనేది మగవాళ్లను అడిగితే తెలియదు.

తొందర ఎందుకంటే, గల్లీలోకి వచ్చి చూస్తే తెలుస్తుంది. అంజూర్‌ఫాటా దారి పొడవునా గోదాములు లేస్తున్నాయి. సాంచాలు తుక్కు కింద కిలోల లెక్కన పోతున్నాయి. ముంబై కాలాచౌకీలో మూతపడ్డ ఇండియా యునైటెడ్ మిల్లు స్థలంలో వస్త్ర మ్యూజియం పని కార్పొరేషన్ చేపట్టింది. రేపు అందులో ఒక సాంచా కూడా పెడతారేమో. పెడితే దాని పక్కన దాన్ని నడిపినాయన గొంతు వినిపించాలి. ఊరు విడిచి రాకముందు ఆయన చివరిసారి విన్న పటం కథలో ఏ రాత్రి దాకా ఉన్నాడో, ఏ బొమ్మ దగ్గర లేచి బస్సెక్కాడో అడిగి రాసుకోవాలి.

అరవై దాటినోళ్లు ఇంకా ఉన్నారు. పొద్దున పాళీ మారే వేళ గుడి అరుగు మీద, చాయ్ దుకాణం ముందు దొరుకుతారు. ఏ గోత్రమని అడిగి మాట మొదలుపెడితే చాలు.